తట్టి వినే పని

మా షెడ్డు నాచారం పారిశ్రామికవాడలో మందుల ఫ్యాక్టరీకీ బిస్కెట్ల గోదాముకీ మధ్య ఇరుకున ఉండేది. గాలి ఒకవైపు నుంచి వీస్తే మందుల ఘాటు, మరోవైపు నుంచి వీస్తే వేడి నెయ్యి వాసన. బయట బోర్డు మీద ఇంజినీరింగ్ వర్క్స్ అని మాత్రమే ఉండేది కాబట్టి లోపల మేమేం చేస్తామో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. సైనికుల్నీ సామాన్లనీ మోసే పెద్ద విమానాల ప్రొపెల్లర్లు మా దగ్గరికి బాగుకొచ్చేవి. షెడ్డులో వాటిని ఎవరూ ప్రొపెల్లర్ అనేవాళ్లు కాదు. పంకా అనేవాళ్లు. పంకాకు రెక్కలు. నేనూ అలాగే అలవాటు పడ్డాను.

మా నాన్న జనగామ వైపు పల్లె నుంచి వచ్చి మల్లాపూర్‌లో ఒక దారం మిల్లులో పనిచేసేవాడు. నేను ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పాసై ఈ షెడ్డులో చేరాను. అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని మొదటి ఏడాది స్టోరులో కూర్చోబెట్టారు. బోల్టులూ వాషర్లూ అడిగినవాళ్లకు ఇచ్చి రిజిస్టరులో సంతకం తీసుకోవడం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిముట్టు పట్టుకోకుండా ఇంటికి పోతుంటే చదివిన చదువు చేతుల్లోంచి జారిపోతున్నట్టుండేది.

రెక్కల్ని పరీక్షించే ఆయన అప్పటికే అక్కడ పదిహేనేళ్లుగా ఉన్నాడు. అందరూ అన్న అనేవాళ్లు. నేనూ అన్నే అన్నాను. పొట్టిగా, ఎప్పుడూ పొడుగుచేతుల చొక్కా గుండీలు మూసుకొని, జేబులో చిన్న సుత్తి పెట్టుకొని తిరిగేవాడు. ఆ సుత్తి తల మన బొటనవేలి గోరంత ఉంటుంది. ఒకరోజు స్టోరు కిటికీ దగ్గర నిలబడి నన్ను అడిగాడు.

"అంగట్ల కుండ కొనేటప్పుడు ఏం జేస్తవ్ చెల్లె?"

"తట్టి చూస్త."

"ఎందుకు?"

"పగులుంటే తెలుస్తది గద అన్న."

"గంతే మరి. రా, ఈడ కూసోని ఏం జేస్తవ్."

షెడ్డు నడిపే పెద్దసారుతో ఆయనేం మాట్లాడాడో నాకు తెలియదు. మర్నాటి నుంచి నేను ఆయన పక్కన ఉన్నాను. రెక్క మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ఒక్కో గడినీ ఆయన తడుతూ పోతుంటే నేను కాగితం మీద గుర్తు పెట్టేదాన్ని. కొన్నాళ్లకు సుత్తి నా చేతికిచ్చాడు. "తలుపు కొట్టినట్టు కొట్టకు. పండుకున్న పిల్లను లేపినట్టు తట్టు" అనేవాడు. మంచి చోట తేటగా టిక్కుమంటుంది. లోపల పగులున్న చోట డబ్బుమని మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా మొదట్లో నాకు అందేది కాదు. ఆరు నెలలకు అందింది. ఏడాదికి, వంటింట్లో స్టీలు గిన్నె కిందపడితే అది ఏ గిన్నో చెప్పగలిగే దాకా వచ్చాను. మా ఆయన నవ్వేవాడు.

పంకాను ఇంజనుకు బిగించి తిప్పి చూసేటప్పుడు అందరం చెవులకు మందపాటి డిప్పలు పెట్టుకోవాలి. అన్న పెట్టుకునేవాడు కాదు. మెడకు వేలాడేసుకునేవాడు. "ఇవి పెట్టుకుంటే పంకా ఏం జెప్తున్నదో ఎట్ల ఎరుకైతది?" అనేవాడు. ఆ రోజుల్లో అది మాకు గొప్పగా కనిపించింది. శబ్దం వినే, మూడో రెక్క మొదలు దగ్గర నట్టు సడలిందని చెప్పిన రోజులున్నాయి. విప్పి చూస్తే నిజంగానే సడలి ఉండేది. నన్ను మాత్రం డిప్పలు తీయనిచ్చేవాడు కాదు. తీస్తే కేకలేసేవాడు.

అలా పద్నాలుగేళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, బోడుప్పల్‌లో కాపురం పెట్టాం, కూతురు పుట్టింది. అన్న పీర్జాదిగూడలో ఇల్లు కట్టుకున్నాడు. మా ఇంటి నుంచి బండి మీద పది నిమిషాలు. పండగలకు వదిన సకినాలు పంపేది.

ఆ తర్వాత కొత్త రెక్కలు వచ్చాయి.

పాత పంకాకు నాలుగే రెక్కలు, నిండు లోహంవి, ఒక్కోదాన్ని మోయడానికి నలుగురు కావాలి. కొత్తదానికి ఎనిమిది. లోపల నురుగులాంటిది నింపి, పైన కార్బన్ నారతో పొరలు పొరలుగా చుట్టి చేసినవి. నల్లగా, కొస దగ్గర కొడవలిలా వంపు తిరిగి ఉండేవి. ఒక్కదాన్ని ఇద్దరం ఎత్తగలం. పాత విమానాలకే ఈ కొత్త పంకాలు పెడితే తక్కువ దూరంలో లేస్తాయని, లోపల కూర్చున్న సైనికులకు వణుకు తగ్గుతుందని, ఎత్తైన కొండప్రాంతాల్లో దిగడానికి పనికొస్తాయని చెప్పారు. వాటిని పరీక్షించే పనిలో కొంత భాగం మా షెడ్డుకు దొరికింది. అప్పటికి షెడ్డులో పని బాగా తగ్గిపోయింది. సగంమంది మానుకొని పోయారు. పెద్దసారు అందరినీ నిలబెట్టి, "ఇది పాసైతే ఇంక మనకు భయం లేదు" అన్నాడు. ఆ రోజు బూందీ పంచారు.

పని ఇలా ఉండేది. ఒక్కో రెక్క మొదలును దిమ్మెకు బిగించి, యంత్రంతో రోజుల తరబడి ఊపుతారు. గాలిలో ఏళ్లపాటు పడే బాధంతా అక్కడే పెడతారన్నమాట. తర్వాత దాన్ని దించి మెత్తటి బల్ల మీద పడుకోబెట్టి, పొరలు ఎక్కడైనా విడిపోయాయేమో తట్టి చూడాలి. ముఖ్యంగా ముందంచు. వానకూ ఇసుకకూ రెక్క అరిగిపోకుండా ఆ అంచుకు పలుచని లోహపు పట్టీ అతికించి ఉంటుంది. ఆ అతుకు సరిగ్గా ఉందా లేదా అన్నదే అసలు సంగతి. యంత్రంతోనూ చూసేవాళ్లు. కానీ పట్టీ వంపు తిరిగిన చోట యంత్రానికి సరిగ్గా అందదు, అక్కడ చెవే దిక్కు. చివర్లో కాగితం మీద గుర్తింపున్న మనిషి సంతకం ఉండాలి. షెడ్డులో ఆ గుర్తింపు అన్నకు మాత్రమే ఉంది. నేనూ ఆ గుర్తింపు పరీక్షకు దరఖాస్తు పెట్టాను. ఈ పనయ్యాక చూద్దామన్నారు.

ఐదో రెక్కను దించిన రోజు. అన్న ముందంచు వెంబడి తడుతూ పోతున్నాడు, నేను అవతలి పక్క నిలబడి రాస్తున్నాను. టిక్, టిక్, టిక్. తర్వాత డబ్. మళ్లీ టిక్. అన్న ఆగలేదు. "మంచిగున్నది, రాస్కో" అన్నాడు.

"అన్న, మల్లొక్కసారి కొట్టు. ఈడ."

ఆయన వెనక్కి వచ్చి అదే గడి మీద తట్టాడు. మళ్లీ డబ్బుమంది. తడుతూ ఆయన రెక్క వైపు చూడలేదు. తల వంచి చెవి దగ్గర పెట్టనూ లేదు. నా ముఖంలోకి చూశాడు. బడిలో లెక్క రాని పిల్లవాడు పక్కవాడి పలక వైపు చూసినట్టు చూశాడు. నా ముఖంలో ఏదో కనిపించి ఉండాలి. "ఆఁ, ఈడ తేడా ఉన్నది. గుర్తు వెట్టు" అన్నాడు.

నేను గుర్తు పెట్టాను.

ఆ సాయంత్రం ఆయన బండి మీద నన్ను ఉప్పల్ దాకా తీసుకొచ్చాడు. రింగ్ రోడ్డు దగ్గర చాయ్ హోటల్‌లో కూర్చున్నాం. పైన మెట్రో, కింద బస్సులు, ఎప్పటికీ పూర్తికాని వంతెన స్తంభాలు, దుమ్ము. నేనేమీ అడగకముందే ఆయనే చెప్పాడు.

"ఇనవడ్తలేదు చెల్లె. రెండేండ్లైతది గావచ్చు."

అది పక్క రెండు బల్లల వాళ్లకూ వినిపించింది. తన గొంతు ఎంత పైకి లేచిందో ఆయనకు తెలియదు.

"జర మెల్లగ అన్న" అన్నాను చేత్తో చూపిస్తూ.

"మొత్తం ఇనవడదని కాదు. మాట ఇనవడ్తది, మొకం జూస్తుంటె ఇంక మంచిగ తెలుస్తది. తట్టుడే... అన్నీ ఒక్క తీర్గనే అయినయ్. మంచిది మంచిగ లేదు, చెడ్డది చెడ్డగ లేదు."

"పెద్దసారుకు జెప్దాం. వేరే పని ఇస్తడు."

"ఏం పని ఇస్తడు? గేటు కాడ కూసోవెడ్తడు." చాయ్ కప్పును సాసరులో గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. "ముప్పయ్యేండ్లు జేసిన. రిటైరయ్యేటందుకు ఇంక ఏడాదిన్నర ఉన్నది. నేను బోతే ఈ పని గూడ బోతది, సంతకం వెట్టెటోడు లేడని వేరే తాన ఇస్తరు. నీ చెవులున్నయ్ గద చెల్లె."

ఆ మాటకు నేను తలూపాను. చాలాసార్లు ఆ సాయంత్రాన్ని మళ్లీ తలచుకున్నాను, వేరేలా మాట్లాడే వీలు ఎక్కడుందా అని. చాలాచోట్ల ఉంది. ఆ రోజు మాత్రం నాకు ఒక్కటీ కనిపించలేదు. స్టోరు కిటికీ లోపలి నుంచి నన్ను బయటికి తెచ్చిన మనిషి ఎదురుగా కూర్చొని అడుగుతున్నాడు. నా చెవులు బాగున్నాయి. రెక్కలకేమీ అన్యాయం జరగదు. అంతే అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. ఆయన తడతాడు, నేను అవతలి పక్క నిలబడి వింటాను. మొద్దుగా పలికితే పెన్సిల్ కాగితం మీద అడ్డంగా పెడతాను. ఆయన అది చూసి, ఆగి, చెవి వంచి, మళ్లీ రెండుసార్లు తట్టి, "ఈడ సూడు" అంటాడు. చూసేవాళ్లకు ఆయనే కనిపెట్టినట్టుంటుంది. ఏడాదికోసారి కంపెనీ పెట్టించే వైద్యపరీక్షలో డాక్టరు ఎదురుగా కూర్చొని అడిగేవాడు. పెదవులు చూసి జవాబు చెప్పి వచ్చేవాడు.

మొదట్లో నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైంది. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో మేం తప్పు చేయలేదు. పనికిరాని రెక్కలు రెండింటిని పక్కన పెట్టించాం కూడా. పట్టుకున్నది నేనేనని నాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఒకసారి పెద్దసారు అన్న భుజం తట్టి మెచ్చుకుంటే అన్న నావైపు చూడలేకపోయాడు. నాకది నచ్చింది. నా మనసులో అట్లాంటిది ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

తర్వాత పంకాను నిజం విమానానికి బిగించి నేల మీదే నడిపి చూసే దశ వచ్చింది. నగరం బయట విమానాల స్థావరానికి పొద్దున్నే వ్యానులో తీసుకెళ్లేవాళ్లు. విమానానికి ఉన్న పంకాల్లో ఒక్కటే మాది, నల్లది, ఎనిమిది రెక్కలది. చక్రాలకు అడ్డం దిమ్మెలు పెట్టి ఇంజను నడిపేవాళ్లు. మొదటిసారి అది తిరగడం చూసినప్పుడు ఎనిమిది రెక్కలూ కలిసిపోయి పలుచని పొగమంచులా అయ్యాయి. పాతదానిలా గుండెల్లో దడ పుట్టించలేదు. అన్న నా పక్కనే ఉన్నాడు, ఈసారి డిప్పలు పెట్టుకొని. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ శబ్దం ఆయనకు ఎంతవరకు చేరిందో నాకు తెలియదు. రెండుసార్లు నడిపారు, రెండుసార్లూ బాగానే ఉంది. ప్రతిసారీ నడిపే ముందు ఎనిమిది రెక్కల్నీ తట్టి చూసి సంతకం పెట్టాలి.

మూడోసారి నడపడం గురువారం. మంగళవారం పొద్దున మా పాపకు జ్వరం నూట మూడు దాటింది. వానాకాలం, మా గల్లీలో అప్పటికే నలుగురికి డెంగీ. బోడుప్పల్‌లోనే ఒక దవాఖానాలో చేర్చాం. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. మా ఆయన రక్తం కోసం స్నేహితులకు ఫోన్లు చేస్తున్నాడు. నేను వరండాలోకి వచ్చి అన్నకు ఫోన్ చేశాను.

"అన్న, బిడ్డకు డెంగీ. శుక్రవారం దాంక నేను రాలేను. నువ్వొక్కనివే రెక్కలు చూడకు. ఏదన్న జెప్పి జరుపు. ఇంటున్నవా?"

"సరే సరే. ఫికర్ జెయ్యకు. బిడ్డ జాగ్రత్త."

"ఒక్కనివే చూడకు అంటున్న. నేనొచ్చేదాంక ఆపు."

"సరే చెల్లె. మంచిగైతది."

ఫోన్ పెట్టేశాడు. ఫోనులో పెదవులు కనిపించవు. నా గొంతులోని భయం పట్టుకొని ఆయన జవాబు చెప్పాడు, నా మాటలు పట్టుకొని కాదు. ఆ క్షణంలోనే నాకు ఆ అనుమానం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. ఆయనకు తెలుగు చదవడం వచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. వదినకు ఫోన్ చేసి ఆయన ముఖం ముందు నిలబడి చెప్పమనొచ్చు. రెండు నిమిషాల పని. అప్పుడే నర్సు లోపలి నుంచి పిలిచింది. సరే అన్నాడు కదా అనుకొని ఫోన్ సంచీలో వేశాను. తర్వాత రెండు రోజులు పాప మంచం పక్కన కూర్చొని సీసాలోంచి చుక్కలు పడటం చూస్తూ ఉన్నాను. షెడ్డు నాకు గుర్తు రాలేదు.

బుధవారం ఆయనొక్కడే ఎనిమిది రెక్కలూ తట్టి చూశాడు. అన్నీ బాగున్నాయని రాసి సంతకం పెట్టాడు.

గురువారం ఇంజను వేగం బాగా పెంచినప్పుడు ఒక రెక్క ముందంచు పట్టీ సగం నుంచి లేచి, చీలి, ఎగిరిపోయి విమానం పక్కకు తగిలింది. ఆ చోట అరచేతి వెడల్పున సొట్ట పడింది. వెంటనే ఇంజను ఆపేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత అందరూ ఆ మాటే చెప్పుకునేవాళ్లు, ఎవరికీ ఏమీ కాలేదని. శుక్రవారం పాపను ఇంటికి పంపుతామని డాక్టరు చెప్పిన గంటకు పెద్దసారు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాడు. పాప బతికిందన్న సంతోషం అప్పటిదాకా ఉంది. ఆ తర్వాత ఆ సంతోషాన్ని నేను విడిగా ఎప్పుడూ అనుభవించలేదు. అది గుర్తొస్తే ఇదీ గుర్తొస్తుంది.

విచారణకు ముగ్గురు వచ్చారు. షెడ్డు పైగదిలో కూర్చున్నారు. కాగితాలన్నీ చూశారు. మా ఇద్దరినీ పిలిచారు. అందులో ఒక అధికారి, మర్యాదగల మనిషి, మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. అక్కడి నుంచి అన్న వీపు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. మామూలు గొంతుతో, "మీరు ఇటు తిరుగుతారా" అన్నాడు. అన్న తన ముందున్నవాళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఒకసారి ఇటు చూడండి." అన్న కదల్లేదు. మూడోసారి కూడా అన్నాడు. గదిలో అందరూ అన్న వెనక నిలబడ్డ అధికారి వైపు చూస్తున్నారు. వాళ్ల చూపులు చూసి ఆయనకు అర్థమైంది. అప్పుడు మెల్లగా తిరిగాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తప్పు దొరికిందన్న భయం లేదు అందులో. గదిలో తనొక్కడే బట్టలు లేకుండా ఉన్నట్టుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అని కాగితం మీద రాసి చూపించారు.

"మూడేండ్లు గావచ్చు సార్."

"ఈమెకు తెలుసా?" అని నావైపు చేయి చూపించారు.

"ఆమెకేం తెల్వదు సార్. ఆమె రాస్తది గంతే" అన్నాడు, గట్టిగా, ఎప్పటిలాగే అందరికీ వినిపించేటట్టు.

అధికారి నావైపు తిరిగాడు. "మీకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందా?"

"లేదు సార్" అన్నాను.

అంతే. ఇంకేమీ అడగలేదు. మెట్లు దిగుతుంటే అన్న ముందు, నేను వెనక. కింద ఆగి, వెనక్కి తిరిగి నన్ను అడిగాడు, "బిడ్డకు ఎట్లున్నది? మంచిగైందా?" నేను తలూపాను. "నేను ఫోన్ల సరిగ ఇనలే చెల్లె. బిడ్డ గురించే జెప్తున్నవ్ అనుకున్న. ఇంకేమన్న జెప్పినవా?"

ఆయనకు కనిపించేటట్టు, పెదవులు స్పష్టంగా కదిపి, "లేదు అన్న" అన్నాను.

ఆ రోజు చెప్పిన రెండు అబద్ధాల్లో నన్ను తినేది ఇదే. మొదటిది భయంతో చెప్పాను. ఇది ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆయనకు బాధ తగ్గించడానికి అని కొన్నాళ్లు అనుకున్నాను. నిజం చెప్తే, నేను ఆపమన్నా ఆయన వినలేదని ఆయన మీదికి పోతుంది. కానీ నేను చెప్పి ఊరుకున్నానని నా మీదికీ వస్తుంది.

నివేదికలో ఏముందో పెద్దసారు తర్వాత చదివి చెప్పాడు. పట్టీ అతుకు బుధవారానికే ఊడి ఉందో, గురువారం ఇంజను నడిచేటప్పుడే ఊడిందో తేల్చలేకపోయామని రాశారట. ఆ రోజు నేనుంటే నా చెవికి దొరికేదా, దొరకడానికి అక్కడ అసలేమైనా ఉందా అన్నది ఇంక ఎవరూ చెప్పలేరు. రెక్క చీలిపోయింది. తట్టి చూడటానికి ఏమీ మిగల్లేదు. మొదట్లో, తేలలేదంటే తప్పు మనది కాదేమో అన్న ఆశ ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, తేలి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ఎటు తేలినా సరే.

అన్నను ఆ వారమే పంపేశారు. ఎవరూ దండ వేయలేదు, మాట్లాడలేదు. ఆయన అలమారా ఖాళీ చేసి, సుత్తిని పెద్దసారు బల్ల మీద పెట్టి, బండి స్టార్ట్ చేసుకొని వెళ్లిపోయాడు. వెనక లారీవాడు హారన్ కొడుతుంటే తప్పుకోకుండా వీధి మధ్యలోనే వెళ్లడం గేటు దగ్గర నిలబడి చూశాను.

కొత్త పంకాల పని ఆరు నెలలు ఆగింది. తర్వాత వేరే చోట పరీక్షిస్తారని విన్నాం. ఇంకొన్నాళ్లకు ఆ పాత విమానాలకు కొత్త పంకాలు పెట్టడం కన్నా కొత్త విమానాలే కొనడం మేలని ఆలోచిస్తున్నారన్నారు. ఏది నిజమో మా దాకా రాలేదు. షెడ్డులో మిగిలిన రెక్కల్ని చెక్కపెట్టెల్లో పెట్టి ఒక లారీ వచ్చి తీసుకుపోయింది. వాటిని సర్దిన రోజు నేను ఒకదాన్ని వేలి కణుపుతో తట్టాను. తేటగా పలికింది. ఇంకోదాన్ని తట్టలేదు. ఏడాది తిరిగేలోగా షెడ్డు మూసేశారు. నా గుర్తింపు పరీక్ష ఎప్పుడూ జరగలేదు.

మొదట్లో నేను నెలకోసారి పీర్జాదిగూడ పోయేదాన్ని. అన్నకు చెవి మిషన్ పెట్టించారు. అది పెట్టుకుంటే రోడ్డు మీది రొదంతా తలలోకి దూరుతోందని తీసేసి చొక్కా జేబులో వేసుకునేవాడు. టీవీ ఎదురుగా కూర్చొని శబ్దం లేకుండా బొమ్మలు చూసేవాడు. నేను వెళ్తే ముఖం వెలిగేది. "చాయ్ తాగినవా చెల్లె?" అని అడిగేవాడు. తాగానని గ్లాసు చూపించేదాన్ని. పావుగంటకు మళ్లీ అదే అడిగేవాడు. మాట్లాడటానికి ఇంకేం మిగిలిందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. రాసి చూపిద్దామని ఒకసారి చిన్న నోటుపుస్తకం పట్టుకుపోయాను. దాంట్లో మొదటి వాక్యం ఇంట్లోనే రాసుకున్నాను. "ఆ రోజు ఫోన్ల నేను నిన్ను ఆపమన్న" అని. సంచీలోంచి తీయలేకపోయాను.

చివరికి వదినకు చెప్పాను. వంటింటి గడప దగ్గర కూర్చొని తోటకూర తెంపుతోంది. నేనూ కొంత ముందుకు లాక్కొని తెంపుతూ, చాయ్ హోటల్ దగ్గర నుంచి ఫోన్ దాకా మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నీకు ఆ పట్టీ ఊడుటానికి ఎనిమిది నెల్ల ముంగట దెల్సింది చెల్లె. నాకు నాలుగేండ్ల ముంగటనే దెల్సు" అంది. "కుక్కర్ కూత ఇనవడకపాయె. బయట గేటు కొడితే ఇనవడకపాయె. రాత్రి చీకట్ల మాట్లాడితే జవాబు లేకపాయె, దీపమేస్తేనే మాట్లాడుతుండె. దవాఖానకు పోదాం అంటే కోపానికొస్తుండె. నేను గూడ ఎవరికి జెప్పలే."

"నేను ఆయనకు జెప్పాలె వదినా. నేను ఆపమన్నట్టు."

ఆమె అప్పుడు తల ఎత్తింది.

"ఎందుకు? ఇప్పుడు ఆయన పట్టీ తనంతట తనే ఊడిందని అనుకుంటుండు. పొద్దున లేసి గట్లనే అనుకుంటుండు, ఆ ఒక్కటే ఉన్నది. నువ్వొచ్చి నేను ఆపమన్న అంటే, నీ మాట ఇనవడకపోవుడు వల్లనే గిట్లయిందని అయితది. నీకు మనసు తేలికయితది, ఆయనకేమయితది?"

కూర తెంపడం అయిపోయాక ఆమె కాడలన్నీ చేటలో ఎత్తుకొని లేచింది. లోపలి గదిలోంచి అన్న పెద్దగా, "చెల్లె పోయిందా?" అని అడిగాడు. నేను ఇంకా గడప దగ్గరే ఉన్నాను. వదిన లోపలికి పోయి చేత్తో ఏదో సైగ చేసింది. నేనున్నానని చెప్పిందో, పోయానని చెప్పిందో నాకు కనిపించలేదు. చెప్పులు వేసుకొని వచ్చేశాను.

ఇప్పుడు నేను నాచారంలోనే ప్లాస్టిక్ డబ్బాలు చేసే చోట పనిచేస్తున్నాను. డబ్బా అంచులు కంటితో చూసి, గీతలున్నవి పక్కన పడేయడం. చెవితో పని లేదు. మిషన్ల రొదకు చెవుల్లో దూది పెట్టుకోమంటారు, పెట్టుకుంటాను. పీర్జాదిగూడ వెళ్లి రెండేళ్లు దాటింది. పోయిన నెల వదిన రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ చూస్తూ కూర్చున్నాను, ఎత్తలేదు. ఆమె మళ్లీ చేయలేదు.